కీలును నిలబెట్టే ఎదురు కండరాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫిజియోథెరపీ గదిలో రోజుకు నాలుగుసార్లయినా ఇవే ప్రశ్నలు వింటాను. మోకాలి ఆపరేషన్ అయిన కబడ్డీ కుర్రాడు ఒక రకంగా అడుగుతాడు. వాడికి తోడుగా వచ్చిన వాళ్ళమ్మ తన మోచేతి నొప్పి గురించి అదే ప్రశ్న ఇంకో రకంగా అడుగుతుంది. "ఏ కండరం వీక్‌గా ఉంది సార్? దాన్ని స్ట్రాంగ్ చేస్తే చాలా?" అన్నది అందరి మాటా. చాలదు. దానికి ఎదురుగా ఉన్న కండరం ఎప్పుడు బిగుస్తోంది, ఎంత బిగుస్తోంది అన్నది కూడా చూడాలి. విడివిడిగా చెప్పి చెప్పి అలిసిపోయి ఇక్కడ ఒకచోట పెట్టాను. వరసగా చదవనక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళండి. మోకాలి సంగతులే ఎక్కువుంటాయి, ఎందుకంటే నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది మోకాలి బాధితులే.

## అసలు సంగతి అర్థం చేసుకునే దశ

ఎదురు కండరాలంటే ఏవి? నా ఒంట్లో ఎక్కడున్నాయో ఎలా తెలుస్తుంది?

కండరానికి లాగడమే వచ్చు, నెట్టడం రాదు. కాబట్టి ప్రతి కీలుకూ ఇటు లాగడానికి ఒకటి, అటు లాగడానికి ఒకటి కావాలి. మోచేతిని మడిచేది దండలోని బైసెప్స్, చాపేది దాని వెనక ఉన్న ట్రైసెప్స్. మోకాలిని చాపేవి తొడ ముందున్న నాలుగు కండరాలు. వాటిని కలిపి క్వాడ్స్ అంటాం. మడిచేవి తొడ వెనకున్న మూడు కండరాలు, అవి హ్యామ్‌స్ట్రింగ్స్.

కుర్చీలో కూర్చుని మడమను కుర్చీ కాలికి ఆనించి వెనక్కి గట్టిగా నొక్కండి. అలా నొక్కుతూనే మోకాలి మడత వెనక చెయ్యి పెట్టి చూడండి. రెండు పక్కలా తాళ్ళలా బిగిసినవి తగులుతాయి. అవే హ్యామ్‌స్ట్రింగ్స్ చివర్లు. ఇప్పుడు కాలు ముందుకు చాపితే ఆ తాళ్ళు సడలి, చిప్ప పైన తొడ రాయిలా అవుతుంది.

ఒకటి లాగుతుంటే రెండోది వదిలెయ్యాలి కదా? రెండూ బిగిస్తే కీలు కదలదు కదా?

సగం నిజం. ఒక కండరానికి బిగుసుకోమని ఆదేశం వెళ్ళినప్పుడు, దాని ఎదురు కండరాన్ని సడలించే సర్క్యూటు వెన్నుపాములోనే ఉంది. దీన్ని విడమర్చి చూపినవాడు బ్రిటిష్ శాస్త్రవేత్త చార్లెస్ షెరింగ్టన్. నాడీకణాల మీద చేసిన పనికి ఆయనకు 1932లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది, ఎడ్గర్ ఏడ్రియన్‌తో కలిపి. పాఠ్యపుస్తకాల్లో ఉండేది ఈ సగమే.

మిగతా సగం ఏమిటంటే, ఆ సడలింపు ఎంత ఉండాలో మెదడు సందర్భాన్ని బట్టి మారుస్తుంది. ఊళ్ళో కరెంటు స్తంభం నిలబెట్టడం చూసే ఉంటారు. నాలుగు వైపులా తాళ్ళు కట్టి పట్టుకుంటారు. ఇటువాళ్ళు లాగుతుంటే అటువాళ్ళు తాడు వదిలేసి చుట్ట ముట్టించరు. కొంచెం కొంచెం సడలిస్తూనే, స్తంభం దబ్బున ఇటు పడిపోకుండా ఆపుతుంటారు. కీలు దగ్గర ఎదురు కండరం చేసేదీ అదే. లాగే కండరానిది ఎప్పుడూ పైచేయిగానే ఉంటుంది కాబట్టి కీలు కదులుతుంది, ఎదురుది పట్టు వదలదు కాబట్టి అదుపు తప్పదు. ఏదైనా బరువు ఎటు ఊగుతుందో తెలియనప్పుడు, నేల జారుడుగా ఉన్నప్పుడు, ఎత్తునుంచి దూకేటప్పుడు ఈ రెండువైపుల బిగింపు పెరుగుతుంది. బాగా అలవాటైన పనిలో తగ్గుతుంది.

కీలును పట్టి ఉంచేవి లిగమెంట్లు కదా, కండరాల పనేముంది?

లిగమెంటు అంటే ఎముకను ఎముకకు కట్టే పట్టీ, అది తనంతట తాను బిగుసుకోలేదు. ఎముక హద్దు దాకా జరిగాక అప్పుడు ఆపుతుంది. హద్దు దాకా వెళ్ళకుండా చూసేది కండరం.

నడుమునే తీసుకోండి. కండరాలు తీసేసి ఎముకలు, డిస్కులు, లిగమెంట్లు మాత్రమే ఉంచిన నడుము వెన్నుపూసల వరసను ప్రయోగశాలలో నిలబెట్టి పైనుంచి బరువు పెడితే, సుమారు 9 కిలోలకే ఒరిగిపోయింది. చిన్న గ్యాస్ సిలిండర్ పాటి బరువు కూడా కాదది. మనం బియ్యం బస్తా మోస్తున్నామంటే ముందు పొట్ట కండరాలు, వెనక వెన్ను కండరాలు అటూ ఇటూ తాళ్ళలా బిగించి పట్టుకోబట్టే.

మోకాలిలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. కింది కాలి ఎముక ముందుకు జారకుండా ఆపే లిగమెంటు ఏసీఎల్. కాలు దాదాపు నిటారుగా ఉన్నప్పుడు క్వాడ్స్ గట్టిగా లాగితే ఆ ఎముక ముందుకు జరగబోతుంది, ఏసీఎల్ మీద భారం పడుతుంది. హ్యామ్‌స్ట్రింగ్స్ అదే ఎముకను వెనక్కి లాగుతాయి. ఏసీఎల్‌కి కండరాల్లో తోడు ఎవరంటే మొదట చెప్పాల్సింది వాటినే. ఒక చిక్కుంది. కాలు నిటారుగా ఉంటే హ్యామ్‌స్ట్రింగ్స్ ఎముకకు దాదాపు సమాంతరంగా పడుకుని ఉంటాయి, వెనక్కి లాగే కోణం దొరకదు. మోకాలు కొంచెం వంగితేనే వాటికి పట్టు చిక్కుతుంది. "మోకాలు వంచి దిగరా" అని కోచ్‌లు అరిచేది ఇందుకే, కొంతమందికి కారణం తెలియకపోయినా.

కుర్చీలోంచి లేచేటప్పుడు తొడ ముందూ వెనకా రెండూ బిగుస్తున్నాయి. ఒకటి మడిచేది, ఒకటి చాపేది అన్నారు కదా?

మంచి ప్రశ్న. అమెరికన్ శరీరధర్మ శాస్త్రవేత్త లోంబార్డ్ 1900ల తొలినాళ్ళలోనే దీని గురించి రాశాడు, ఈ చిక్కుముడికి ఆయన పేరే ఉంది. జవాబు ఏమిటంటే, హ్యామ్‌స్ట్రింగ్స్ రెండు కీళ్ళను దాటుతాయి. మోకాలి దగ్గర మడిచేవే, తుంటి దగ్గర చాపేవి. లేచేటప్పుడు తుంటీ చాపాలి, మోకాలూ చాపాలి. తుంటి దగ్గర హ్యామ్‌స్ట్రింగ్స్‌కి మీట పొడవు ఎక్కువ, మోకాలి దగ్గర క్వాడ్స్‌కి ఎక్కువ. అందుకని రెండూ కలిసి లాగినా రెండు కీళ్ళూ చాపుకుంటాయి, పైగా మోకాలికి ముందూ వెనకా కాపలా దొరుకుతుంది. కింద బాసింపట్టు వేసుకుని భోంచేసి, చెయ్యి ఆనించకుండా లేవగలిగే పెద్దవాళ్ళు ఈ వ్యాయామం రోజూ చేస్తున్నట్టే.

భుజానికీ ఇదే లెక్కా?

భుజానికి ఇంకా ఎక్కువ. తుంటి కీలు లోతైన గిన్నెలో కూర్చుంటుంది. భుజం కీలు చిన్న సాసర్ మీద పెద్ద బంతి పెట్టినట్టుంటుంది. చెయ్యి పైకెత్తేటప్పుడు భుజం మీది డెల్టాయిడ్ ఆ బంతిని పైకి లాగుతుంది. దాన్ని సాసర్ మధ్యలోకి అదిమి, కాస్త కిందికి పట్టి ఉంచేవి రొటేటర్ కఫ్ అనే నాలుగు చిన్న కండరాలు. వాటిలో ఒకటి ముందునుంచి, రెండు వెనకనుంచి, ఒకటి పైనుంచి లాగుతాయి. ముందూ వెనకా తూకం తప్పితే బంతి ఒకవైపు జరుగుతుంది. జిమ్‌లో ఛాతీకే నెలల తరబడి బరువులెత్తి, వీపును మరిచిపోయిన కుర్రాళ్ళ భుజాల్లో నేను తరచుగా చూసేది ఇదే.

## దెబ్బ తగిలిన దశ

ఎవరూ తాకనే లేదు, కూతకెళ్ళి పక్కకి తిరిగానంతే, ఏసీఎల్ తెగింది. ఎలా?

ఆటల్లో ఏసీఎల్ తెగే సందర్భాల్లో చాలావాటిలో ఎదుటివాడి దెబ్బ ఉండదు. వేగంగా వచ్చి టక్కున ఆగడం, పాదం నేలకు పాతుకున్నట్టుండగా ఒళ్ళు తిప్పడం, ఒంటికాలి మీద దిగడం, ఇవే కారణాలు. కబడ్డీలో మ్యాట్ కాలిని గట్టిగా పట్టేస్తుంది కాబట్టి ఇంకొంచెం కష్టం.

అసలు కిటుకు సమయంలో ఉంది. ఇలాంటి గాయాల వీడియోలను విశ్లేషించినవాళ్ళు తేల్చింది, పాదం నేలను తాకిన సుమారు 40 మిల్లీసెకన్లకే లిగమెంటు తెగుతోందని. రెప్పపాటుకే 100 మిల్లీసెకన్లకు పైన పడుతుంది. మోకాలు జారుతోందన్న కబురు వెన్నుపాముకు చేరి, జవాబు వచ్చి, కండరం నిజంగా బిగిసేలోపు కథ అయిపోతుంది. అంటే తాకాక స్పందించడం కుదరదు. పాదం ఇంకా గాల్లో ఉండగానే హ్యామ్‌స్ట్రింగ్స్ బిగిసి సిద్ధంగా ఉండాలి. ఇది బలం కన్నా అలవాటుకు సంబంధించిన విషయం. సాధన చేసిన మెదడు ముందే కబురు పంపిస్తుంది. అలసిపోయినప్పుడు, పక్కన ఎవరో వస్తున్నారని చివరి క్షణంలో దిక్కు మార్చుకున్నప్పుడు ఆ కబురు ఆలస్యమవుతుంది.

వాపు కొంచెమే ఉంది, నొప్పి లేదు. కానీ తొడ సన్నబడిపోతోంది. ఎందుకు?

మీ బద్ధకం కాదది. మోకాలిలో నీరు చేరితే, కీలు లోపలి నాడులు వెన్నుపాముకు పంపే కబుర్ల వల్ల క్వాడ్స్‌కి వెళ్ళే ఆదేశం తగ్గిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న మోకాలిలోకి సెలైన్ ఎక్కించి చూసిన ప్రయోగాల్లో, 20–30 మిల్లీలీటర్లకే తొడ లోపలివైపు కండరం మందగించింది. నాలుగైదు టీ చెంచాల నీరన్నమాట. ఎదురుగా ఉన్న హ్యామ్‌స్ట్రింగ్స్ మీద ఈ ప్రభావం అంతగా ఉండదు. ఫలితంగా కాలు కొంచెం వంగే ఉండిపోతుంది, పూర్తిగా చాపడం రాదు, నడక కుంటుతుంది.

అందుకే వాపు తగ్గించడం కూడా కండరాల వైద్యమే. ఐస్, కాలు ఎత్తులో పెట్టడం, మడమ కింద టవల్ చుట్ట పెట్టి మోకాలిని కిందికి నొక్కుతూ క్వాడ్స్ బిగించడం. ఐదు సెకన్లు పట్టి వదలండి, గంటకు పదిసార్లు. అవసరమైతే మేం కరెంట్ మిషన్ పెట్టి కండరాన్ని లేపుతాం. చిప్పకు పై అంచునుంచి 10 సెంటీమీటర్ల పైన టేపు పెట్టి రెండు తొడల చుట్టుకొలత వారానికోసారి రాసుకోండి.

మెట్లు దిగుతుంటే మోకాలు జారినట్టవుతోంది. లిగమెంటు తెగినట్టేనా?

తేల్చి చెప్పలేం. దిగేటప్పుడు క్వాడ్స్ సాగుతూనే బరువు ఆపాలి. చిప్ప దగ్గర నొప్పి పొడిచినా ఆ కండరం ఒక్క క్షణం వదిలేస్తుంది, మోకాలు మడత పడ్డట్టు అనిపిస్తుంది. లిగమెంటు తెగినవాళ్ళు ఎక్కువగా చెప్పేది వేరు, పక్కకి తిరిగినప్పుడు "పైఎముక ఒక పక్కకి, కిందెముక ఒక పక్కకి పోయినట్టుంది" అంటారు.

దెబ్బ తగిలినప్పుడు టప్‌మని శబ్దం వినిపించి కొన్ని గంటల్లోనే మోకాలు ఉబ్బితే, కాలు ఒకచోట లాక్ అయి కదలకపోతే, కాలు మోపలేకపోతే వ్యాయామాల గురించి చదువుతూ కూర్చోకండి. ఎముకల డాక్టరుకు చూపించండి.

గుజ్జు అరిగిందన్నారు. భయంతో కాలు బిగపట్టి నడుస్తున్నాను. అది మంచిదే కదా?

కాదు. రెండువైపుల బిగింపుకు ఖరీదుంది. ముందు కండరం, వెనక కండరం ఒకేసారి గట్టిగా లాగితే ఆ రెండు లాగుళ్ళూ కీలును మధ్యలో నొక్కుతాయి. ఆర్థరైటిస్ ఉన్నవాళ్ళు నడిచేటప్పుడు మామూలువాళ్ళకన్నా ఎక్కువగా, ఎక్కువసేపు ఇలా బిగిస్తారని పరీక్షల్లో కనిపిస్తోంది. కీలు వదులుగా ఉందన్న భయంతో శరీరం చేసుకునే ఏర్పాటే అది, కానీ అరిగిన చోటే ఇంకా బరువు పెడుతుంది. పైగా త్వరగా అలసట.

నా దగ్గరికొచ్చే పెద్దావిడ ఒకరు గోడ పట్టుకుని, కాళ్ళు కర్రల్లా పెట్టి నడిచేవారు. "అమ్మా, పిల్లాడిని జోకొట్టేటప్పుడు నడిచినట్టు నడవండి" అన్నాను. రెండు అడుగులేశాక మోకాలు మెత్తగా వంగింది, నొప్పి తగ్గిందని ఆమే ఆశ్చర్యపోయారు. అందరికీ ఇంత తొందరగా రాదు. తొడ బలం పెరిగి, కాలు మీద నమ్మకం కుదిరితే బిగింపు దానంతట అదే సడలుతుంది.

చీలమండ పదే పదే అదే వైపు బెణుకుతోంది. నరం పట్టు తప్పిందా?

బెణికితే పాదం సాధారణంగా లోపలికి మడత పడుతుంది. దాన్ని బయటికి లాగి ఆపేవి పిక్క బయటివైపున్న పెరోనియల్ కండరాలు. మొదటిసారి బెణికినప్పుడు లిగమెంటుతోపాటు అందులో ఉండే, పాదం ఏ కోణంలో ఉందో చెప్పే నాడుల కొసలు కూడా దెబ్బతింటాయి. ఆ తర్వాత కండరానికి బలం ఉన్నా కబురు ఆలస్యంగా అందుతుంది.

నాకూ జరిగింది. రోడ్డు అంచున బైక్ ఆపి కాలు కింద పెడితే అంచు విరిగి మడమ మడత పడింది. వారం రోజుల్లో నొప్పి పోయింది, నేను పాఠాలు చెప్పే వ్యాయామాలు నేనే చెయ్యలేదు. రెండు నెలల తర్వాత ఇంట్లో గడప దగ్గర, చదునైన నేల మీద, మళ్ళీ అదే కాలు. అప్పుడు బుద్ధి వచ్చి ఆరు వారాలు పళ్ళు తోముకుంటూ ఒంటికాలి మీద నిలబడ్డాను.

బట్టలు పిండినా, కూర గిన్నె ఎత్తినా మోచేతి బయటవైపు నొప్పి. పట్టు బిగించేది ముంజేతి లోపలి కండరం కదా, బయట ఎందుకు నొప్పి?

మణికట్టును కిందికి పూర్తిగా వంచి పిడికిలి బిగించి చూడండి. బిగియదు. ఇప్పుడు మణికట్టును కాస్త పైకెత్తి బిగించండి, గట్టిగా వస్తుంది. వేళ్ళు మడిచే కండరాలు లాగినప్పుడు అవి మణికట్టును కూడా కిందికి వంచెయ్యబోతాయి. దాన్ని ఆపడానికి ముంజేతి బయటి కండరాలు ప్రతిసారీ ఎదురు లాగుతాయి. అవి పుట్టేది మోచేతి బయటి గుబ్బ దగ్గర. అందుకే టెన్నిస్ బ్యాట్ ముట్టని ఇల్లాలికి టెన్నిస్ ఎల్బో వస్తుంది.

గిన్నె ఎత్తేటప్పుడు అరచెయ్యి పైకి ఉండేలా పట్టుకోండి. దుప్పట్లు పిండడం కొన్నాళ్ళు ఇంట్లో మగవాళ్ళకు అప్పజెప్పండి. నొప్పి కాస్త సద్దుమణిగాక అర లీటరు నీళ్ళ బాటిల్ పట్టుకుని మణికట్టును మెల్లగా దించే వ్యాయామం మొదలుపెట్టవచ్చు. తగ్గడానికి నెలలు పట్టడం మామూలే.

పక్షవాతం వచ్చిన మా నాన్నగారి చెయ్యి మడిచే వైపే బిగిసిపోతోంది. గట్టిగా లాగి చాపొచ్చా?

వద్దు. మెదడు నుంచి వచ్చే అదుపు తగ్గడంతో, ఎదురు కండరాన్ని సడలించే సర్క్యూటు సరిగ్గా పనిచెయ్యక మడిచే కండరాలు పైచేయి సాధిస్తాయి. వేగంగా లాగితే సాగుడును పసిగట్టే నాడులు రెచ్చిపోయి అవి ఇంకా బిగుస్తాయి. మెల్లగా, నిలకడగా సాగదీసి పట్టుకుంటే వదులుతాయి. ఎలా పట్టుకోవాలో మీ ఫిజియో దగ్గర ఒకసారి చేతులు పెట్టి నేర్చుకోండి.

## వ్యాయామం మొదలుపెట్టిన దశ

జిమ్‌లో లెగ్ ఎక్స్‌టెన్షన్ మిషన్ మీద తొడ బాగా పెంచాను. ఇక మోకాలు గట్టిదేనా?

ఒక తాడునే లావు చేశారు. ఆ మిషన్ మీద కూర్చుని కాలు చాపేటప్పుడు క్వాడ్స్ ఒంటరిగా లాగుతాయి, హ్యామ్‌స్ట్రింగ్స్‌కి పెద్ద పనుండదు. అదే పాదం నేల మీద ఆనించి గుంజీ తీస్తే తుంటిని అదుపు చెయ్యడానికి హ్యామ్‌స్ట్రింగ్స్ కూడా పనిలోకి దిగుతాయి. మిషన్ చెడ్డదని అనను, ఆపరేషన్ తర్వాత సరైన సమయంలో, సరైన కోణంలో నేనూ వాడతాను. దానితో మాత్రమే సరిపెట్టుకుంటే చిక్కు.

హ్యామ్‌స్ట్రింగ్స్ బలం క్వాడ్స్‌తో సమానంగా ఉండాలా?

సమానం కానక్కర్లేదు. క్వాడ్స్ సహజంగానే పెద్దవి. మిషన్ మీద సెకనుకు 60 డిగ్రీల వేగంతో కొలిస్తే హ్యామ్‌స్ట్రింగ్స్ బలం క్వాడ్స్‌లో సుమారు 60 శాతం ఉంటే సరే అనుకుంటాం. ఆ అంకె పట్టుకుని వేలాడొద్దు. రెండూ బలహీనంగా ఉన్నా 60 శాతం వస్తుంది. సాగుతూ ఆపే బలం, బిగుసుకునే వేగం అందులో కనిపించవు.

హ్యామ్‌స్ట్రింగ్స్‌కి చేసే నార్డిక్ వ్యాయామం ఇంట్లో ఎలా చెయ్యాలి? అందరూ చెయ్యొచ్చా?

దిండు మీద మోకాళ్ళు వేసి కూర్చోండి, తొడలు నిటారుగా. వెనక ఒకరు మీ చీలమండలు గట్టిగా పట్టుకోవాలి. తలనుంచి మోకాళ్ళ దాకా ఒంటిని పలకలా ఉంచి మెల్లగా ముందుకు ఒరగండి. ఇక ఆపలేననిపించే దాకా తొడ వెనక కండరంతో ఆపుతూ, తర్వాత చేతుల మీద దిగి, చేతులతో నెట్టుకుని వెనక్కి రండి. నడుము దగ్గర మడత పడితే దొంగ లెక్క. మొదటి వారం రెండుసార్లు, ఒక్కోసారి రెండు విడతలుగా ఐదేసి చాలు. మర్నాడు తొడ వెనక ఎంత పట్టేస్తుందంటే కూర్చోవడానికి కూడా ఆలోచిస్తారు. అది రెండు మూడు వారాల్లో తగ్గుతుంది.

దీన్ని క్రమం తప్పకుండా చేసిన జట్లలో హ్యామ్‌స్ట్రింగ్ గాయాలు దాదాపు సగానికి తగ్గాయని పరిశోధనలన్నీ కలిపి చూసినప్పుడు తేలింది. అరిగిన మోకాళ్ళవాళ్ళకు, ఆపరేషన్ అయి కొద్ది వారాలే అయినవాళ్ళకు ఇది వద్దు. వాళ్ళు వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి నడుము ఎత్తే బ్రిడ్జ్‌తో మొదలుపెట్టాలి.

కూచిపూడి నేర్చుకుంటున్నాను. అరమండి వల్ల మోకాళ్ళు పాడవుతాయా?

అరమండిలో, అంటే మోకాళ్ళు పక్కలకు వంచి సగం కూర్చునే భంగిమలో, నడుము నిటారుగా ఉంటుంది కాబట్టి బరువు ఎక్కువగా క్వాడ్స్ మీద, చిప్ప మీద పడుతుంది. మామూలు గుంజీలో ముందుకు కాస్త వంగడం వల్ల తుంటి కండరాలు పంచుకునే బరువు ఇక్కడ తగ్గుతుంది. అరమండి వల్లే పాడవదు. పాదాలు పక్కలకు తిప్పి, మోకాళ్ళు మాత్రం ముందుకే ఉండిపోతే పాడవుతుంది. తిరగాల్సింది తుంటి దగ్గర. అద్దం ముందు నిలబడి చూసుకోండి, మోకాలి చిప్ప పాదం రెండో వేలి వైపే చూడాలి. క్లాసు అయ్యాక తొడ వెనక, పిరుదుల కండరాలకు ఒక పది నిమిషాలు కేటాయించండి. నాట్యం వాటిని అంతగా పట్టించుకోదు.

ఒంటికాలి మీద నిలబడమంటారు. ఇది చిన్నపిల్లల ఆటలా ఉంది, దీంతో ఏమొస్తుంది?

చెప్పులు విప్పి నిలబడి, మీ చీలమండ వైపే చూడండి. కుదురుగా నిలబడ్డామనుకుంటాం, అక్కడ మాత్రం లోపలి టెండాన్ (కండరాన్ని ఎముకకు కట్టే తాడు), బయటి టెండాన్ మార్చి మార్చి అదురుతుంటాయి. ఒకటి లాగడం, రెండోది సరిచెయ్యడం, క్షణం తీరిక లేదు. కూచిపూడి తరంగంలో ఇత్తడి పళ్ళెం అంచుల మీద పాదాలు మోపి తాళానికి జరుపుకుంటూ వెళ్ళే నర్తకి చేసేది దీనికి పరాకాష్ఠ.

ముప్పై సెకన్లు తేలిగ్గా వస్తే కళ్ళు మూసుకోండి. అది వస్తే దిండు మీద నిలబడండి. ఆ తర్వాత ఎవరైనా బంతి విసురుతుంటే పట్టుకోండి. పెద్దవాళ్ళు మాత్రం వంటగట్టు పక్కన, చెయ్యి అందేంత దూరంలో చెయ్యాలి.

కొత్త వ్యాయామం చేస్తుంటే ఒళ్ళంతా కర్రలా బిగుసుకుపోతోంది. తప్పు చేస్తున్నానా?

లేదు. స్కూటర్ నేర్చుకున్న మొదటి రోజు గుర్తు తెచ్చుకోండి, హ్యాండిల్‌ని ఎవరో లాక్కుపోతున్నట్టు పట్టుకున్నారు. ఎటు ఊగుతుందో తెలియని పనికి మెదడు అన్ని వైపులా బిగించి పెడుతుంది. పని పట్టుబడేకొద్దీ అవసరమైన చోట, అవసరమైనంతే బిగిస్తుంది. రెండు మూడు వారాల తర్వాత కూడా పళ్ళు బిగించి, ఊపిరి బిగబట్టి చేస్తుంటే మాత్రం బరువు ఎక్కువైందని అర్థం.

స్ట్రెచ్ చేసేటప్పుడు ఎదురు కండరాన్ని బిగించమంటారు. నిజంగా పనిచేస్తుందా?

కొంత. తొడ వెనక సాగదీసేటప్పుడు తొడ ముందు బిగిస్తే వెనకది కాస్త సడలుతుంది, ఇంకో రెండు వేళ్ళు ముందుకు వెళ్తారు. మొత్తం మహిమ దానిదే కాదు. సాగుడును ఓర్చుకోవడం మనకు అలవాటవడం కూడా కారణమే.

## తిరిగి ఆటకో పనికో వెళ్ళే దశ

ఏసీఎల్ ఆపరేషన్ అయి ఆరు నెలలైంది. పరిగెడుతున్నాను, నొప్పి లేదు. టోర్నమెంటు ఆడొచ్చా?

నిటారుగా పరిగెత్తడం వేరు, రెయిడ్‌లో తిరగడం వేరు. కనీసం 9 నెలలు ఆగమని చెబుతాం. అంతకన్నా ముందు వెళ్ళినవాళ్ళకు మళ్ళీ దెబ్బ తగిలే అవకాశం బాగా ఎక్కువ. నెలలు లెక్కపెట్టుకుంటే కూడా చాలదు. క్వాడ్స్, హ్యామ్‌స్ట్రింగ్స్ బలం, ఒంటికాలి దూకుడు దూరం, ఇవన్నీ బాగున్న కాలితో పోలిస్తే 90 శాతమైనా రావాలి. నేను ఇంకోటి కూడా చూస్తాను. బాగా అలిసిపోయాక స్టూలు మీదనుంచి దూకమని ఫోన్‌లో వీడియో తీస్తాను. తాజాగా ఉన్నప్పుడు మోకాలు మెత్తగా వంచి దిగిన కుర్రాడే, ఇరవై షటిల్ పరుగుల తర్వాత నిటారు కాలితో దబ్బుమని, మోకాలు లోపలికి పడేస్తూ దిగుతాడు. ఆ వీడియో చూపిస్తే ఇక "ఎప్పుడు ఆడొచ్చు" అని అడగడు.

నా హ్యామ్‌స్ట్రింగ్ టెండాన్ తీసే కొత్త లిగమెంటు వేశారు. కాపాడే కండరాన్నే కోసేస్తే ఎలా?

మీ అనుమానం న్యాయమైనదే. తీసేది తొడ లోపలివైపు టెండాన్, దానితోపాటు చాలాసార్లు పక్కనున్న గ్రాసిలిస్ టెండాన్. మిగిలిన హ్యామ్‌స్ట్రింగ్స్ చాలావరకు ఆ పని భర్తీ చేస్తాయి. మోకాలు బాగా మడిచిన స్థితిలో లాగే బలం మాత్రం కొంత తక్కువగా ఉండిపోవచ్చు. అందుకని బోర్లా పడుకుని మడమను పిరుదుల దాకా తెచ్చే వ్యాయామాన్ని కూడా ప్రత్యేకంగా చెయ్యాలి. తీసిన చోట గాయం మానాలి కాబట్టి మొదటి కొన్ని వారాలు బరువు పెట్టి లాగొద్దు. చిప్ప కింది టెండాన్‌తో, క్వాడ్స్ టెండాన్‌తో, పిక్క పక్కనుండే పెరోనియస్ లాంగస్‌తో చేసే పద్ధతులూ ఉన్నాయి. ఎక్కడనుంచి తీసినా అక్కడి కండరానికి కొంత మూల్యం తప్పదు.

ఆటల్లో అమ్మాయిలకే ఎక్కువగా ఏసీఎల్ తెగుతుందంటారు, నిజమా?

ఒకే ఆట ఆడే అబ్బాయిలతో పోలిస్తే 2 నుంచి 8 రెట్లు ఎక్కువని రకరకాల అధ్యయనాలు చెబుతున్నాయి. ఎముకల ఆకృతి, హార్మోన్లు అని చాలా కారణాలు చర్చలో ఉన్నాయి, వాటిని మనం మార్చలేం. మార్చగలిగేది దిగే తీరు. చాలామంది అమ్మాయిలు మోకాలు తక్కువ వంచి, లోపలికి పడేస్తూ, క్వాడ్స్ ముందు బిగించి దిగుతారు, హ్యామ్‌స్ట్రింగ్స్ వెనకబడతాయి. దీనికి పుట్టుక ఒక్కటే కారణం కాదని నా అభిప్రాయం. చిన్నప్పుడు గోడలు దూకనిచ్చింది ఎవరిని, "ఆడపిల్లవి, దిగు" అన్నది ఎవరిని?

వార్మప్‌లో నిజంగా ఉపయోగం ఉందా, లేక చెమట పట్టించడానికేనా?

గ్రౌండ్ చుట్టూ రెండు రౌండ్లు పరిగెత్తి చేతులు ఊపితే చెమటే. 2006లో వచ్చిన ఫిఫా 11 ప్లస్ లాంటి వార్మప్ వేరు. ఇరవై నిమిషాల్లో పరుగు, ప్లాంక్, నార్డిక్, ఒంటికాలి బ్యాలెన్స్, దూకి మెత్తగా దిగడం, దిక్కు మార్చడం అన్నీ ఉంటాయి. వారానికి రెండుసార్లైనా చేసే జట్లలో గాయాలు తగ్గాయి. ఫుట్‌బాల్ కోసం చేసినా కబడ్డీ, వాలీబాల్ పిల్లలతో నేనూ కొద్ది మార్పులతో చేయిస్తాను.

మోకాలికి తొడిగే నీ-క్యాప్ వేసుకుంటే ఇదంతా తప్పుతుందా?

మెడికల్ షాపులో దొరికే సాగే నీ-క్యాప్ మోకాలిని పట్టి ఆపలేదు. చర్మాన్ని అదిమి పట్టడం వల్ల మోకాలు ఎక్కడుందో మెదడుకు కాస్త బాగా తెలుస్తుంది, ధైర్యంగా ఉంటుంది, కొందరికి నొప్పీ తగ్గుతుంది. ఆ ధైర్యంతో వ్యాయామం చేస్తే వాడండి. వేసుకుని సోఫాలో కూర్చుంటే ఉపయోగం లేదు. కొనేటప్పుడు చిప్ప పైన తొడ చుట్టుకొలత కొలిచి తీసుకోండి. రాత్రి పడుకునేటప్పుడు తీసెయ్యండి. పిక్క ఉబ్బినా, తిమ్మిరెక్కినా అది మీ సైజు కాదు.